పల్లవి పెట్టిన పేరు

కొన్నేండ్ల క్రిందట నా మేనకోడలు హైదరాబాదు రాయదుర్గములోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగమునకు చేరి, మాదాపురంలోని ఒక స్త్రీల హాస్టలులో ఉండెడిది. ఊరినుండి ఆవకాయ జాడీయు అరిసెల డబ్బాయు ఇచ్చి వచ్చుటకు నేనొక సాయంకాలము అక్కడికి వెళ్ళితిని. చుట్టములు కూర్చుండుటకు వేరే గది లేకపోవుటచేత, భోజనశాలలోనే, వంటయింటి గుమ్మమున కెదురుగా, ఒక ప్లాస్టిక్ కుర్చీలో నన్ను కూర్చుండబెట్టిరి. గోడకు తగిలించిన టీవీలో వరుసగా ప్రకటనలు వచ్చుచున్నవి. నాగర్‌కర్నూలు ప్రాంతమునుండి వచ్చిన నడివయసు వంటమనిషి చపాతీలు ఒత్తుచు, టీవీవైపు చూడకయే దానిని వినుచున్నది. అంతలో రాబోవు సీరియలు పేరు వినబడినది: 'ప్రేమ ఎంత మధురం.' ఆ మూడు మాటలు చెవినిబడినంతనే ఆమె తల యెత్తలేదు, చేతిలోని అప్పడాలకర్రను ఆపలేదు. కాని ఆమె గొంతులోనుండి ఒక రాగము బయలుదేరినది. మాటలు లేవు, ఉత్త కూనిరాగము. చపాతీ గుండ్రముగా తిరిగినంతసేపు పల్లవియు, దానిని పెనముమీద వేయునప్పటికి చరణములోని మొదటి మలుపును.

"అక్కా, సీరియల్ ఇంకా మొదలే అవ్వలేదు, పాట అప్పుడే అందుకున్నావే!" అన్నది మా పిల్ల.

"గిది సీరియల్ పాట గాదు బిడ్డా. బాలు పాడిండు. మా చెల్లె పెండ్లిల మైకుసెట్టుల గిదే ఏసిండ్రు" అన్నది ఆమె.

మేనకోడలు క్షణకాలము ఆలోచించి, నావైపు తిరిగి, "నాన్న బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ పాడేది ఇదే కదా మామయ్యా?" అన్నది. అదే.

ఆ పాట 'అభినందన' చిత్రములోనిది. 1988లో అశోక్ కుమార్ దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రమునకు సంగీతము ఇళయరాజా, రచన ఆచార్య ఆత్రేయ, గళము ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆ పాట మొదటి మాటలనే పేరుగా ధరించి జీ తెలుగులో సీరియలు మొదలైనది 2020 ఫిబ్రవరిలో. నడుమ గడచినవి 32 సంవత్సరములు. ఇక్కడ ఒక విశేషము చెప్పక తప్పదు. ఆ పాట భగ్నప్రేమికుని నివేదన. పల్లవిలో తొలి మూడు మాటలు తీపి, వాని వెంట వచ్చునవి చేదు. సీరియలు తీపిని మాత్రము తన పేరుగా చేసికొని చేదును విడిచిపెట్టినది. ఆనాటి పెండ్లిపందిటి మైకుసెట్టు కూడ తీపినే విని యుండును. కాని ఆ వంటయింటిలో పుట్టిన కూనిరాగము మూడు మాటలతో ఆగలేదు. పేరులో చోటు దొరకని చేదంతయు ఆమె గొంతులో ఉన్నది.

ఈ వ్యాసమునకు బీజము ఆ కూనిరాగమే. ఇతర దేశములలో టీవీ నాటకము పాతపాటను తెచ్చి సన్నివేశము వెనుక మ్రోగించును. మన సీరియలు పాతపాటతో చేయు పనులలో నాకు మిక్కిలి విశేషముగా తోచునది వేరొకటి: అది పాట పేరు పెట్టుకొని ఊరకుండును, పాడుకొను పనిని ప్రేక్షకునికి వదలిపెట్టును. స్టార్ మాలో 2021లో మొదలైన 'ఎన్నెన్నో జన్మల బంధం' అను పేరు వినినవాడు 'పూజ' (1975) చిత్రములోని బాలు, వాణీ జయరాంల యుగళమును తలచుకొనకుండ ఉండగలడా? దాశరథి రచించిన ఆ పాటకు బాణీ కన్నడమునుండి వచ్చినది; రాజన్-నాగేంద్ర సోదరులు దానిని అంతకు ముందటి యేడు 'ఎరడు కనసు' చిత్రమునకు కూర్చిరి. అనగా కన్నడ సోదరుల బాణీ, ఓరుగల్లు గడ్డపై పుట్టిన కవి మాట, వేలూరులో పుట్టిన గాయని గొంతు కలిసి తెలుగువాని జ్ఞాపకమైనవి. 2021లోనే వచ్చిన 'జానకి కలగనలేదు' శోభన్ బాబు 'రాజ్‌కుమార్' (1983) చిత్రములోని పాటకు చెందిన పేరు. 'మాటే మంత్రము' భారతీరాజా 'సీతాకోకచిలుక' (1981) నాటిది. 'లాహిరి లాహిరి లాహిరిలో' అనగానే 'మాయాబజార్' (1957) వెన్నెల. 2020 డిసెంబరులో మొదలై సుమారు నాలుగేండ్లు నడచిన 'గుప్పెడంత మనసు' పాట పేరు కాదు, కె. బాలచందర్ 1979లో తీసిన చిత్రపు పేరు. అయినను ఆ పేరు వినినప్పుడు నావంటివాని చెవిలో మ్రోగునది ఆ చిత్రమునకు ఎం.ఎస్. విశ్వనాథన్ కూర్చగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన మూగమనసు పాటయే.

ఇట్లు జరుగుటకు మూలము మన పాటల స్వభావములోనే ఉన్నది. పాశ్చాత్యులు పాటకు ప్రత్యేకముగా నామకరణము చేయుదురు. మనకు పల్లవియే పేరు. త్యాగరాజస్వామి కీర్తనను మనము ఎప్పుడును దాని తొలి మాటలతోనే చెప్పుకొంటిమి. సినిమాహాలు వాకిట అణాలకు అమ్మిన పాటల పుస్తకములలోను, రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారు శ్రోతలు కోరిన పాటలు ప్రకటించునప్పుడును, వివిధ భారతి వారు చిత్రము పేరు, కవి పేరు చెప్పి రికార్డు వేయునప్పుడును, పాట మనకు మొదటి మూడు నాలుగు మాటలుగానే చిరునామా ఇచ్చినది. ఆ మాటలు పలికినచో రాగము దానంతట అది వెంట వచ్చును. పేరును మాత్రము తీసికొన్న సీరియలు నిర్మాత, తెలిసియో తెలియకయో, తెలుగువారి చెవిలో నలుబది యేండ్లుగా నిలిచియున్న వాద్యబృందమునంతటిని తన వెంట తెచ్చుకొనుచున్నాడు.

తెచ్చుకొనుటలో ఖర్చు కూడ లేదు. 2015లో 'దేశీ బాయ్స్' అను హిందీ చిత్రపు పేరు గురించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, పేరుపై మాత్రమే కాపీరైటు ఉండదని తేల్చినది. పాటను వినిపింపవలెనన్న మార్గము వేరు. శబ్దముద్రణ హక్కు గల సంస్థను అడుగవలెను. సాహిత్యమునకు, స్వరమునకు గల హక్కులు తేల్చుకొనవలెను. 2012లో సవరించిన చట్టము ప్రకారము సినిమాపాటను హాలులో చిత్రముతో కలిపి కాక మరెక్కడ వాడినను రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా ఉండవలెను. ఆ సవరణ న్యాయమైనదని నా దృఢమైన అభిప్రాయము. జీవితమంతయు పాటలు వ్రాసి, ఆ పాటలు ఊరూర మ్రోగుచుండగా తాము చేతులు ముడుచుకొని కూర్చున్న కవుల కథలు తెలుగు సినిమాకు కొత్తవి కావు. కాని ఆ న్యాయమునకు దొరకకుండ పేరు మాత్రము జారిపోవుచున్నది.

ఇక ఆ పేర్లు ఎవరి చెవిని బడుచున్నవో చూడవలెను. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించినప్పుడు మాదాపురము చుట్టును రాళ్ళగుట్టలే. 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీ చేరినది, ఆ నవంబరులో రాయదుర్గము. నేడు ఆ ప్రాంతమున రెండు జనపదములు ఒకదానిపై ఒకటి నివసించుచున్నవి. అద్దాల మేడలలో అమెరికా గడియారము ననుసరించి పనిచేయు యువజనులు పై అంతస్తులలో ఉన్నారు. వారికి వండిపెట్టువారు, క్యాబులు నడుపువారు, గేటువద్ద రాత్రింబవళ్ళు కాపుండు సెక్యూరిటీవారు క్రింది అంతస్తులలోను, వెనుక సందులలోను ఉన్నారు. క్రిందివారు టీవీలో సీరియలు చూతురు. పైవారు ఫోనులో వెబ్ సిరీస్ చూతురు. ఒకరు చూచునది రెండవవారు చూడరు. నేను చూచినంతలో ఈ ఉభయులకు ఉమ్మడిగా ఉన్నవి రెండే: ఒకటి మెస్సులోని పప్పు, రెండవది పాతపాట. జంధ్యాల 1987లో, అధికభాగము అమెరికాలోనే చిత్రీకరించి, బాలు సంగీతముతో తీసిన 'పడమటి సంధ్యారాగం' పేరు 2022లో మరల ఒక సీరియలుకు వచ్చినది. ఆ పేరు క్రిందివారికి సాయంకాలపు సీరియలు, పైవారిలో కొందరికి తమ తల్లిదండ్రులు చూచి మురిసిన సినిమా.

2020 సెప్టెంబరు 25ను ఇక్కడ ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. ఆనాడు మధ్యాహ్నము ఒంటిగంట దాటిన నాలుగు నిమిషములకు చెన్నైలో బాలసుబ్రహ్మణ్యం కన్నుమూసెను. ఆ దినముననే జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డును మాదాపురముతో కలుపు దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ప్రారంభమైనది. కరోనాచేత హాస్టలు మూతపడగా మా మేనకోడలు అప్పటికి ఆరునెలలనుండి ఊరిలో తండ్రి ఇంటనే ఉండి, పడకగదిలో లాప్‌టాప్ పెట్టుకొని పని చేయుచున్నది. నేను ఆ సాయంకాలము అక్కడనే ఉన్నాను. ఆమె ఫోనులో ఒకదాని క్రింద ఒకటిగా రెండు బొమ్మలు వచ్చినవి. మొదటిది రంగుల దీపములతో వెలుగుచున్న వంతెన, హైదరాబాదులో మిగిలిన స్నేహితురాలు పంపినది. రెండవది నవ్వుచున్న బాలు ముఖము, క్రింద రెండు సంవత్సరములు. మా బావగారు ఆ ఫోనును చేతిలోనికి తీసికొని, చాలసేపు చూచి, మాటలాడకుండ తిరిగి ఇచ్చివేసెను. ఆ రాత్రి ఆయన ఇస్త్రీపెట్టె ముట్టలేదు. మరునాడు ఉదయము యథాప్రకారము చొక్కా పరచి, నీళ్ళు చిలకరించి, ఆ పాటయే ఎత్తుకొనెను; చరణము నడుమ గొంతు పట్టుకొనిపోగా ఆగెను. లోపల మీటింగులో నున్న మా పిల్ల మైకు మూసివేసి, ఆగినచోటినుండి తాను అందుకొన్నది. ఆ పాట ఆమెకు ఎవరును నేర్పలేదు.

అందుచేతనే, పాతపాట నాటకములోనికి ప్రవేశించినప్పుడు జరుగు పనిని ప్రేక్షకుల సంఖ్యతోనో ప్రకటనల రాబడితోనో కొలిచి ఊరకుండుట నాకు చాలదు. ప్రపంచమంతటను ఈ పని జరుగుచున్నది. కేట్ బుష్ 1985లో పాడిన పాటను 'స్ట్రేంజర్ థింగ్స్' వెబ్ సిరీస్ నాలుగవ సీజను ఒక బాలిక ప్రాణరక్షణ ఘట్టమున మ్రోగించగా, 37 ఏండ్ల తరువాత, 2022 జూనులో, ఆ పాట బ్రిటనులో ప్రథమస్థానము నెక్కినది. కొరియావారి 'రిప్లై 1988' తమ పూర్వుల పాటలను కొత్త గాయకులచేత పాడించి, ఒక వీధిలోని ఐదిండ్లవారి కథకు ఊపిరిగా పోసినది. హైటెక్ సిటీలో ఈ రెండింటిని చూచి కన్నీరు పెట్టుకొన్న పిల్లలను నేనెరుగుదును. కేట్ బుష్ పేరు వారందరికి తెలియును. బాణీ ఆమెదే, మాట ఆమెదే, గొంతు ఆమెదే. తెర ఆ పాటను దాని యజమానురాలితో సహా వారికి పరిచయము చేసినది.

మనవారును ఆ త్రోవలో అడుగు వేయకపోలేదు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' వెబ్ సిరీస్, ఆదిత్య హాసన్ దర్శకత్వమున, వనపర్తిలో ఒక లెక్కల మాస్టారి ఇంటిని, శివాజీ, వాసుకి దంపతులుగా, ఆరు భాగములలో చూపినది. ఆ ఇంటి పిల్లల వయసువారే నేడు రాయదుర్గము మేడలలో టీమ్ లీడర్లు. దానికి సురేష్ బొబ్బిలి కొత్త సంగీతమే కూర్చెను. పాతకాలమును చూపుటకు పాతపాటయే కావలెనని లేదు. అంతకు రెండు దశాబ్దముల ముందే గుణ్ణం గంగరాజు 'అమృతం' ఇంకొక సంగతి నిరూపించినది. 2001లో జెమిని టీవీలో మొదలైన ఆ హాస్య సీరియలుకు సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసి, కల్యాణి మాలిక్ స్వరపరచిన పాట సీరియలు కొరకే పుట్టినది. అప్పు తెచ్చుకొన్న జ్ఞాపకము దానిలో ఏమియు లేదు. నేడు అదియే జ్ఞాపకమైనది. ఆ సీరియలు మొదలైన యేట పుట్టినవారు ఉద్యోగములలో చేరినారు. హోటలు పెట్టి నష్టపడు ఇద్దరు స్నేహితుల కష్టములను నవ్వుతో మరపించు ఆ పాటను, రాత్రి డ్యూటీ నడుమ, యూట్యూబులో వెదకి వినుచున్నారు. సిరివెన్నెల 2021 నవంబరు 30న వెళ్ళిపోయెను. ఆ పాట ఎవరిదని అడిగిన ఆయన పేరు వెంటనే చెప్పువారు ఇంకను చాలమంది ఉన్నారు.

ఆత్రేయ విషయమున అట్లు కాదు. అందుకే ఆయనవద్దకు మరల వచ్చుచున్నాను. 1921 మే 7న సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన కిళాంబి వేంకట నరసింహాచార్యులు, నాటకములు వ్రాసి, సినిమాలలోనికి వచ్చి, 'మనసు కవి' అను బిరుదు సార్థకముగా పొంది, 1989 సెప్టెంబరు 13న మరణించెను. అప్పటికి తెలుగులో ప్రైవేటు ఛానెల్ ఒక్కటియు లేదు. ఈటీవీ వచ్చినది 1995 ఆగస్టులో. మరుసటి యేట బాలు ఆ ఛానెల్‌లో పాటల పోటీ మొదలుపెట్టి దానికి పెట్టిన పేరు 'పాడుతా తీయగా'. ఆ పేరు 'మూగమనసులు' (1964) చిత్రమునకు ఆత్రేయ వ్రాయగా, కె.వి. మహదేవన్ స్వరపరచగా, ఘంటసాల పాడిన పాటనుండి వచ్చినది. తెలుగు టీవీలో పల్లవి పేరుగా మారి ఇంటింటి మాటయైన సందర్భములలో దానికి మించినది లేదు. ఆపైన 'గుప్పెడంత మనసు' పేరు వినినప్పుడు చెవిలో మ్రోగు పాట ఆయనదే. 'ప్రేమ ఎంత మధురం' ఆయనదే. తాను చూడని ఛానెళ్ళకు, తాను ఎరుగని హైటెక్ సిటీలోని వంటయింటివరకు, ఆయన మాట పోయినది.

చట్టము లెక్కకూడ ఈ సందర్భమున విచిత్రముగా ఉన్నది. శబ్దముద్రణకు రక్షణ అది వెలువడిన మరుసటి యేడు మొదలు 60 సంవత్సరములు. 1964లో వెలువడిన రికార్డుకు ఆ గడువు 2024 డిసెంబరుతో ముగిసినది. కాని సాహిత్యమునకును సంగీతమునకును గడువు కర్త మరణించిన మరుసటి యేడు మొదలు 60 సంవత్సరములు. ఆత్రేయ మాటకు 2049 చివరివరకు, 2001లో మరణించిన మహదేవన్ స్వరమునకు 2061 చివరివరకు. అనగా ఘంటసాల గొంతు నిలిచిన ముద్రణకు విడుదల వచ్చినను, ఆ గొంతు పలికిన మాటకు, స్వరమునకు రాలేదు. చట్టము ఇంత సూక్ష్మముగా విడదీసి కాపాడిన ఆ మాటలో మొదటి రెండు మూడు పదములను మాత్రము ఎవరైనను, ఎప్పుడైనను, పేరుగా పెట్టుకొనవచ్చును.

పెట్టుకొనుట తప్పని నేననను. పెట్టుకొనవలెననియే అందును. ఆ పేరు వినబడకున్నచో మా పిల్లకు తన తండ్రి పాట ఏదో తెలియకపోవును. నాగర్‌కర్నూలు ఇల్లాలికిని ఆమెకును నడుమ ఆ సాయంకాలము ఆ మాట పుట్టకపోవును. ఆ పిదప వారిద్దరు రాత్రి భోజనముల వేళ పాత పాటలు ఒకరికొకరు గుర్తుచేసికొనుట అలవాటైనదని మా పిల్ల చెప్పినది. మా పిల్ల ఫోనులో వెదకి వినిపించుటయు, ఆ ఇల్లాలు ఆ పాట వచ్చిన యేడు తన ఊరిలో ఏమి జరిగినదో చెప్పుటయు. ఆ తొలి పాట వ్రాసినదెవరో మాత్రము ఇద్దరిలో ఎవరికిని తెలియదు. బాలు అని ఒకరు, ఇళయరాజా అని ఒకరు చెప్పుకొన్నారట. ఆత్రేయ పేరు నేను చెప్పినప్పుడు ఆ ఇల్లాలు, "గంత మంచిగ రాసినాయన పేరు ఎన్నడు ఇనకపోతిమి సారూ" అని నిజముగా నొచ్చుకొన్నది.

కావున సీరియళ్ళు తీయువారికి, ఛానెళ్ళవారికి నా విన్నపమొకటే. ఇకముందు మీరొక పాట మొదటి మాటలను మీ కథకు పేరుగా పెట్టుకొనునప్పుడు, నటుల పేర్లు, నిర్మాత పేరు, మేకప్ చేసినవారి పేరు పడు ఆ వరుసలోనే, ఈ పేరు ఏ చిత్రములోని పాటదో, ఆ పాట ఎవరు వ్రాసిరో, ఎవరు స్వరపరచిరో, ఎవరు పాడిరో చెప్పు పంక్తి యొకటి చేర్చుడు. ప్రతిదినము వేయుడు, వారమునకు ఒకసారి వేసి ఊరకుండవలదు. అందుకు ఎవరి అనుమతియు అక్కరలేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు.